మా మరిది ఎకనామిక్స్ ప్రొఫెసర్. న్యాయం విషయంలోనూ ఆయన మాటే చెల్లాలా?

ప్రశ్న: మాది నిజాంపేటలో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నేను అసోసియేషన్ సెక్రటరీని. మార్చిలోనే బోరు ఎండిపోయింది. అప్పట్నుంచి ట్యాంకర్లే దిక్కు. టెర్రస్ మీద ఫ్లాటుకో ట్యాంకు ఉంది, సంపులోంచి వంతులవారీగా ఎక్కిస్తాం. ఖర్చు అందరం సమానంగా వేసుకుంటున్నాం. ఎవరెంత వాడుతున్నారని రోజూ గొడవే. మా మరిది ఎకనామిక్స్ ప్రొఫెసర్, మా బిల్డింగ్‌లోనే ఉంటారు. "వదినా, ట్యాంకర్ రాగానే వేలం పెట్టండి. ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్ళకి ముందు ఎక్కించండి. అవసరం ఉన్నవాడే ఎక్కువ ఇస్తాడు, అదే న్యాయం" అంటారు. సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ కుటుంబం కూడా డబ్బు కట్టాలట, ఊరికే వస్తే నీళ్ళ విలువ తెలీదట. ఆ మాట పట్టుకుని ప్రెసిడెంట్ గారు వారం రోజులుగా వాళ్ళ నల్లాకి తాళం వేయిస్తున్నారు. పొద్దున రెండు బిందెలు పట్టుకోనిస్తారు, అంతే. నాకిది తప్పనిపిస్తోంది. కానీ నేను చదివింది బీఎస్సీ. "ఎకనామిస్టు చెప్తున్నాడు కదండీ" అనగానే అందరూ గమ్మునైపోతున్నారు. ఏది న్యాయం, ఏది కాదు అనే విషయంలో ఎకనామిస్టు మాటకి మామూలు మనిషి మాట కంటే ఎక్కువ విలువ ఇవ్వాలా? ఆదివారం జనరల్ బాడీ మీటింగ్ ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక సోదరి, నిజాంపేట

జవాబు: ఆ నల్లా సంగతి చదివాక నాకు పాత ఎండాకాలం ఒకటి గుర్తొచ్చింది. మా గల్లీలోకి ట్యాంకర్ వచ్చేది. డ్రైవర్ లావుపాటి పైపు తెచ్చి సంపు మూతలోకి దించేవాడు. పైపూ ట్యాంకరూ కలిసే చోట ఎప్పుడూ కారుతుండేది. ఎదురింటి వాచ్‌మన్ భార్య అక్కడ కింద స్టీలు బిందె పెట్టి, కొంగు నడుముకు దోపుకుని, గొంతుక్కూర్చునేది. ట్యాంకర్ ఖాళీ అయ్యేలోపు బిందె ముప్పాతిక నిండేది. ఆ నీళ్ళు ఎవరి లెక్కలోనూ లేవు. ఎలాగూ మట్టిలోకి పోయే నీళ్ళే. అయినా ఒకరోజు ఒకాయన "అలా పడితే అందరూ అలవాటు పడతారు" అని ఆమెను లేపేశాడు. ఆయన ఎకనామిస్టు కాదు, బాగా చదువుకున్నవాడు. ఆయన గొంతులోని ఖచ్చితత్వం చూసి మేమెవ్వరం నోరెత్తలేదు. ఆ ఊరుకోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. అందుకే మీరు అడిగినదానికి పైపైన చెప్పి వదిలేయలేను.

మీ మరిది మాటకి విలువ ఇవ్వాలి. చాలా విషయాల్లో మీ మాట కంటే, నా మాట కంటే ఎక్కువే ఇవ్వాలి. అయితే ఆ ఎక్కువ విలువ ఎక్కడిదాకా, ఎక్కడ ఆగాలి అన్నది మీకు తేటతెల్లంగా తెలియాలి.

ముందు ఆయన రైటైన చోటు చూద్దాం. మీరు ఖర్చు సమానంగా పంచుకుంటున్నారు. చూడ్డానికి అది ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ లెక్క వేయండి. నేను పది రూపాయల నీళ్ళు వృథా చేశాననుకోండి, ఆ పది రూపాయలు 40 ఫ్లాట్ల మీద పడతాయి. నా జేబులోంచి పోయేది పావలా. మిగతా తొమ్మిది రూపాయల ముప్పావలా మీరంతా కడతారు. అలాంటప్పుడు కారు కడగొద్దని నాకు ఎంత చెప్పినా ఎక్కుతుందా? జాగ్రత్తగా వాడుకునే ఫ్లాటు, కుళాయి వదిలేసి ఫోన్ చూసుకునే ఫ్లాటుకి డబ్బు కడుతున్నట్టే. మీ రోజువారీ గొడవకి మూలం మనుషుల బుద్ధిలో కన్నా ఈ పద్ధతిలోనే ఎక్కువ ఉంది. ఇది మనకి ఊరికే తట్టదు. ఇలాంటివి చూడటం నేర్పేదే ఆ చదువు. ఒక రూలు పెడితే మనుషులు ఎలా మారతారు, కంటికి కనపడని భారం ఎవరి మీద పడుతుంది అన్న దాంట్లో ఎకనామిస్టు చెప్పేది వినాలి.

ఇంకోటి. మంచి మనసు ఉన్నంత మాత్రాన మన తీర్పు సరైనది అయిపోదు. ఎకనామిక్స్‌ని 'దిగులు శాస్త్రం' అని వెక్కిరించిన థామస్ కార్లైల్ సంగతే తీసుకోండి. 1849లో ఆయన ఆ మాట వాడింది పేదల మీద జాలితో కాదు. వెస్టిండీస్‌లో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్ళ చేత మళ్ళీ బలవంతంగా పని చేయించాలని వాదిస్తూ, వాళ్ళని వాళ్ళ ఇష్టానికి, డిమాండ్ సప్లయిలకి వదిలేయమంటున్న ఎకనామిస్టుల మీద కోపంతో రాశాడు. మరుసటి ఏడాది దానికి గట్టిగా జవాబిచ్చిన జాన్ స్టూవర్ట్ మిల్ ఎకనామిస్టే. కార్లైల్‌కి గుండె తడి లేక కాదు, గొప్ప రచయిత అని పేరున్న మనిషి. అయినా ఆ రోజు న్యాయం వైపు నిలబడింది లెక్కల మనిషి. కాబట్టి "వీళ్ళకి మనసుండదు" అని మీ మరిదిని తీసిపారేయకండి. అది అబద్ధం, పైగా ఇంట్లో మాటామాటా పెరుగుతుంది.

ఇక ఆయన మాట ఎక్కడ ఆగాలో చూద్దాం. "అవసరం ఉన్నవాడే ఎక్కువ ఇస్తాడు, అదే న్యాయం" అన్నారు కదా. ఈ వాక్యంలో రెండు ముక్కలున్నాయి. మొదటిది జరిగేదాని గురించి. దాన్ని నిజమో కాదో తేల్చవచ్చు. రెండోది న్యాయం గురించి. మీటింగ్‌లో అందరూ గమ్మునైపోవడానికి కారణం, మొదటి ముక్క మీద ఉన్న గౌరవం రెండోదానికి కూడా అంటుకుపోవడమే.

మొదటి ముక్కనే చూద్దాం. మీ బిల్డింగ్‌లో ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే జంట ఒకటి ఉంటుంది. పెన్షన్ మీద బతికే పెద్దవాళ్ళు, వాళ్ళలో ఒకరు మంచాన ఉన్నవాళ్ళు, ఇంకో ఫ్లాట్‌లో ఉంటారు. మంచాన ఉన్న మనిషి దుప్పట్లు రోజూ ఉతకాలి. నీళ్ళ అవసరం ఆ ఇంటికి రెండింతలు. వేలంలో వెయ్యి రూపాయలు పాడితే మొదటి ఇంటికి అది ఒక ఆదివారం హోటల్ బిల్లు, రెండో ఇంటికి బీపీ, షుగర్ మందుల డబ్బు. ఎవరు పాడతారు? వేలం కొలిచేది అవసరాన్ని ఒక్కదాన్నే కాదు, అవసరాన్నీ జేబునీ కలిపి కొలుస్తుంది. అందరి జేబులూ ఒకేలా ఉన్న చోట ఆ కొలత బాగానే పనిచేస్తుంది. వాచ్‌మన్ కుటుంబం ఉన్న బిల్డింగ్‌లో పనిచేయదు. ఈ సంగతి మీ మరిదికి తెలీదని నేను అనుకోను. ఆయన చదివిన పుస్తకాల్లోనే ఉంటుంది. వదినతో మాట్లాడే వేగంలో ఆ మెట్టు దాటేసి ఉంటారు.

రెండో ముక్కకి వద్దాం. ఎకనామిక్స్ అంటే ఏమిటో నిర్వచించిన లయొనెల్ రాబిన్స్ 1932లోనే ఈ గీత గీశాడు. కొన్ని గమ్యాలు ఉంటాయి, వాటిని చేరడానికి చేతిలో ఉన్నది తక్కువ, ఆ తక్కువని ఎలా సర్దుతామో చూసేది ఈ శాస్త్రం అన్నాడు. గమ్యాల్లో ఏది గొప్పది అన్న దాని మీద శాస్త్రంగా దానికి చెప్పడానికి ఏమీ లేదన్నాడు. ఆ గీత అంత సూటిగా ఉండదని తర్వాతివాళ్ళు వాదించారు, అదీ నిజమే. ఎకనామిక్స్‌కి పునాది వేసిన ఆడమ్ స్మిత్ గ్లాస్గోలో పాఠం చెప్పిందే నీతిశాస్త్రం. 1759లో మనిషి నైతిక భావాల మీద ఒక పుస్తకం రాశాకే, 1776లో సంపద మీద పుస్తకం తెచ్చాడు. అంటే ఎకనామిస్టు న్యాయం గురించి మాట్లాడకూడదని ఏమీ లేదు. మాట్లాడాలి. కాకపోతే అలా మాట్లాడేటప్పుడు ఆయన అందరిలాగే కారణాలు చెప్పాలి. "నేను ఎకనామిస్టుని" అన్నది కారణం కాదు.

ఈ గీత చెరిగిపోతే ఏమవుతుందో మన నేల చూసింది. 1876లో మొదలైన కరువు, మన పెద్దలు ధాత కరువు అన్నది, బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలని ఊడ్చేసింది. అప్పుడు కలకత్తాలోని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని కూర్చున్న సూత్రం ఒకటే: ధాన్యం వ్యాపారంలో సర్కారు వేలు పెట్టకూడదు, ధరలే అన్నీ సర్దుతాయి. దాన్ని అప్పట్లో అర్థశాస్త్రం తేల్చిన సత్యం అన్నట్టు చెప్పేవారు. మద్రాసు రాష్ట్రంలో పరిస్థితి చూడటానికి సర్ రిచర్డ్ టెంపుల్ అనే బ్రిటిష్ అధికారిని పంపారు. ఈ టెంపుల్ అంతకు మూడేళ్ళ ముందు బీహార్ కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించినవాడే. దానికి అతిగా ఖర్చు పెట్టాడని తిట్లు తిన్నాడు. ఈసారి ఆ పేరు రాకూడదనుకున్నాడేమో, 1877 జనవరిలో కరువు పనుల దగ్గర మగ కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం విలువ, పైన కాస్త చిల్లర చాలన్నాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషికి.

దాన్ని ఎదిరించింది ఎవరో తెలుసా? మద్రాసులో జనం ఆరోగ్యం చూసే శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్. ఆయన అర్థశాస్త్రం జోలికి పోలేదు. పనికి వచ్చిన మనుషుల ఒళ్ళు చూశాడు. ఈ తిండితో పనిచేసే శరీరం నిలవదని రాశాడు, మళ్ళీ రాశాడు. కొన్ని నెలలకి కూలి పెంచక తప్పలేదు. ఆ లోపల ఎంతమంది పోయారో తలుచుకుంటే కడుపులో దేవుతుంది. కార్నిష్‌ని ఎవరైనా "నువ్వు డాక్టరువి, ఇది అర్థశాస్త్రం, నీకేం తెలుసు" అని కూర్చోబెట్టి ఉంటే? సోదరీ, బీఎస్సీ చదివానని మీరు వెనక్కి తగ్గినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు.

ఆ పాత సూత్రంలో లోపం ఎక్కడుందో తర్వాత బాగా విప్పి చెప్పినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది మళ్ళీ ఒక ఎకనామిస్టునే. అమర్త్య సేన్ తొమ్మిదేళ్ళ పిల్లాడిగా 1943 బెంగాల్ కరువు కళ్ళారా చూశాడు. దేశంలో తిండి ఉన్నా, కొనే శక్తి పోయినవాడు ఆకలితో చచ్చిపోతాడని 1981లో లెక్కలతో సహా చూపించాడు. "ఎకనామిస్టు చెప్పాడు" అంటే ఏ ఎకనామిస్టు అని అడగాల్సిందే. న్యాయం దగ్గరికి వచ్చేసరికి వాళ్ళలోనే నాలుగు దారులున్నాయి. మీ మరిది చెప్పింది అందులో ఒకటి.

మీకు తప్పనిపించడం కూడా చిన్న విషయంగా తీసేయకండి. 1986లో డేనియల్ కానమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు కెనడాలో ఫోన్ చేసి జనాన్ని ఒకటడిగారు. ఒక షాపులో మంచు తోసే పార 15 డాలర్లు. పెద్ద మంచు తుఫాను వచ్చిన మర్నాడు పొద్దున దాన్ని 20 చేశారు. ఇది సరైనదేనా? 82 శాతం మంది అన్యాయం అన్నారు. ధర పెరిగితేనే సరుకు వస్తుంది అన్నది తెలిసినవాళ్ళకి ఈ జవాబు అమాయకంగా కనిపించవచ్చు. కానీ ఎదుటివాడి ఇబ్బంది చూసి రేటు పెంచకూడదనే ఆ పట్టింపు మీదే ఇరుగుపొరుగు నడుస్తుంది. షాపులు కూడా రేపు మళ్ళీ మన గుమ్మం తొక్కాలి కదా అని దాన్ని లెక్కలో పెట్టుకుంటాయి. అలాగని ఆ పట్టింపే ఎప్పుడూ గెలవాలని నేననను. మీ అసోసియేషన్ ట్యాంకర్ వాడికి ఇంతకు మించి ఇచ్చేది లేదని భీష్మించుకుంటే, ఆ ట్యాంకర్ ప్రగతినగర్ వైపు తిరుగుతుంది, మీ సంపు ఎండుతుంది. అది మీ మరిది చెప్తే నమ్మండి.

ఫైన్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీటింగ్‌లో ఎవరో ఒకరు "కారు కడిగితే 500 ఫైన్ వేద్దాం" అంటారు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది చైల్డ్ కేర్ సెంటర్లలో ఒక ప్రయోగం చేశారు. పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకి ఆరింట్లో 10 షెకెళ్ళ ఫైన్ పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు టీచర్ని కాపలా పెట్టామే అన్న మొహమాటం ఉండేది. ఫైన్ వచ్చాక "డబ్బు కడుతున్నాం కదా" అయిపోయింది. ఫైన్ తీసేశాక కూడా ఆ మొహమాటం తిరిగి రాలేదు. 2000లో ఈ ఫలితం ప్రచురించినవాళ్ళు కూడా ఎకనామిస్టులే. ప్రతిదానికీ రేటు కట్టాలన్న మాటకి మీ మరిది సొంత శాస్త్రంలోనే ఇంత మంచి జవాబుంది. కోపంగా కాకుండా, ఇది ఆయన్ని అడగండి. బహుశా మీకంటే బాగా ఆయనే వివరిస్తారు.

ఇప్పుడు వాచ్‌మన్ కుటుంబం. నలుగురు అనుకుందాం. మనిషికి కనీస అవసరాలకి రోజుకి 50 నుంచి 100 లీటర్లు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన దేశంలో డ్రైనేజీ ఉన్న నగరాలకి ప్లాన్ చేసేటప్పుడు 135 లీటర్లు పెట్టుకుంటారు. మధ్యస్తంగా 70 అనుకోండి. నలుగురికి రోజుకి 280, నెలకి 8,400 లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్ ఒక్కటి కూడా కాదు. దాన్ని 40 ఫ్లాట్ల మీద వేస్తే ఫ్లాటుకి రోజుకి ఏడు లీటర్లు. అర బకెట్ కూడా రాదు. రాత్రి రెండింటికి గేటు తీసేవాడికి, సంపు మోటారు వేసి వంతులవారీగా మీ ట్యాంకులు నింపేవాడికి, ఈ ఏడు లీటర్లు ఇవ్వాలా వద్దా అన్నది ఎకనామిక్స్ ప్రశ్న కాదు. దానికి జవాబు చెప్పడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు. రెండు బిందెల నీళ్ళతో ఒక ఆడమనిషి ఈ ఎండల్లో వంట, స్నానాలు, బాత్రూమ్ ఎలా నెట్టుకొస్తుందో ఒక్క పూట ఊహించుకుంటే చాలు.

"ఊరికే వస్తే విలువ తెలీదు" అన్నది కూడా పరీక్షించాల్సిన మాటే. మీ ఫ్లాట్లలో ఒక్కో ఫ్లాటు వాడకం ఎంతో ఎవరికీ తెలీదు, మీటర్ లేదు. విలువ తెలియంది ఎవరికో అందులోనే ఉంది. మన హైదరాబాద్ జలమండలి నల్లా నీళ్ళలో ఇంటికి నెలకి 20 వేల లీటర్ల వరకు ఉచితం అన్న పద్ధతి 2021 జనవరిలో మొదలైంది. దాని మీద ఎన్ని వాదనలైనా ఉండవచ్చు, కానీ కొంత దాకా ఊరికే, ఆ పైన మీటర్ ప్రకారం కట్టు అన్న ఆలోచన మాత్రం మీకు పనికొస్తుంది.

నేనైతే మీటింగ్‌లో ఇది పెడతాను. ఫ్లాటుకో ట్యాంకు ఉందన్నారు కాబట్టి, ప్రతి ట్యాంకుకీ ఒక చిన్న వాటర్ మీటర్ పెట్టించవచ్చు. ఇంట్లో ఉన్న తలలని బట్టి కనీస వాటా ఇంత అని రాసుకోండి, మంచాన ఉన్నవాళ్ళు, పసిపిల్లలు ఉంటే ఇంకాస్త కలపండి. ఆ వాటా ఖర్చు ఇప్పటిలాగే సమానంగా. దాన్ని దాటిన ప్రతి లీటరుకీ వాడినవాళ్ళే, ఎక్కువ రేటుకి కట్టాలి. వాచ్‌మన్ వాటా ఉమ్మడి ఖర్చులో, లిఫ్టు కరెంటులాగా. మీటర్లు బిగించేదాకా వేలం ఊసు వద్దు. ఆ పై రేటు ఎంత ఉంటే వృథా తగ్గుతుంది, ఎంత దాటితే పెన్షన్ ఇంటికి కష్టం అవుతుంది అన్న లెక్క మీ మరిదికి అప్పగించండి. అది నిజంగా ఆయన పని, ఆయనలాగా అక్కడ ఎవరూ చేయలేరు. ఇంకో లెక్క కూడా అడగండి: మనకొచ్చే ట్యాంకర్ ఊరి బయట ఏ బోరులోంచి నింపుకొస్తోంది, ఆ పక్క రైతు బోరు ఏమవుతోంది? ఆ రైతు మన వేలంలో పాడడు, మన మీటింగ్‌కి రాడు. బేరంలో లేనివాడి మీద పడే నష్టానికి ఎకనామిస్టుల దగ్గర ఒక పేరే ఉంది. మీ టెర్రస్ మీద వానాకాలానికి ఇంకుడు గుంత పైపులు వేయించాలన్న పట్టుదల అక్కడి నుంచి రావచ్చు.

ఆదివారం కంటే ముందు, ఒక సాయంత్రం టీ పెట్టి ఆయన్ని కూర్చోబెట్టుకోండి. పదిమంది ముందు వదిన తప్పుపట్టిందంటే మగాడికి పట్టుదల వస్తుంది, ఇంట్లో రాదు. అడగాల్సింది చాలా సింపుల్: "నాయనా, నువ్వు చెప్పిందాంట్లో ఇలా చేస్తే ఇలా అవుతుంది అన్నది ఎంత, ఇలా ఉండాలి అని నీకు అనిపించేది ఎంత?" నిజాయితీ ఉన్న ప్రొఫెసర్ ఈ ప్రశ్నకి ఆగుతాడు. ఆలోచిస్తాడు. మొదటిదానికి మీరు చెవి ఒగ్గండి. రెండోదానికి మీ ఇద్దరివీ, ఫస్ట్ ఫ్లోర్ పెద్దావిడదీ, వాచ్‌మన్ భార్యదీ సమానమైన మాటలే. ఆమెను మీటింగ్‌కి పిలవండి. ఎవరూ పిలవరు, మీరు సెక్రటరీ, మీరు పిలవగలరు. వెనక నిలబడటం కాదు, కుర్చీ వేయించండి.

సెల్లార్ నల్లా తాళం మాత్రం ఆదివారం దాకా ఆగదు. తాళంచెవి ప్రెసిడెంట్ గారి దగ్గర ఉంటే, ఈ ఉత్తరం చదవగానే వెళ్ళి అడిగి, ఈ సాయంత్రం లోపే తీయించండి.